జోబర్గ్ నుంచి సొంత కారులో క్రూగర్: మూడు రాత్రులు, రెండు క్యాంపులు

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు పొడవు ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 360 కిలోమీటర్లు. లోపల తారు రోడ్ల మీద గంటకు 50, మట్టి రోడ్ల మీద 40 దాటకూడదు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, "లాంగ్ వీకెండ్‌లో క్రూగర్ మొత్తం చుట్టేశాం" అన్న మాటని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఆగుతూ చూస్తూ వెళ్తే గంటకు 20, 25 కిలోమీటర్లకు మించి సాగదు. రోజంతా తిరిగినవాళ్ళ కంటే ఒక చెరువు ఒడ్డున ఇంజిన్ ఆపి గంటసేపు కూర్చున్నవాళ్ళకే ఎక్కువ కనబడుతుంది. అందుకే ఈ ప్లానంతా పార్కు దక్షిణ భాగంలోనే, లోయర్ సాబీ, బెర్గ్-ఎన్-డాల్ అనే రెండు క్యాంపుల (పార్కు లోపల కంచె వేసిన బస చోట్ల) చుట్టూనే ఉంటుంది. జోబర్గ్ (జొహానెస్‌బర్గ్), ప్రిటోరియా, మిడ్‌రాండ్‌లలో ఉద్యోగాల మీద ఉంటున్న కుటుంబం మామూలు కారులో, పిల్లలతోనో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో వెళ్ళి రావడానికి ఇది సరిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు మంచిది. వానలుండవు, గడ్డి ఎండి పలచబడుతుంది, చిన్న చిన్న గుంటలు ఇంకిపోతాయి. దాంతో జంతువులు నదుల దగ్గరికీ చెరువుల దగ్గరికీ రాక తప్పదు. దోమలూ తక్కువే. ఇబ్బందల్లా చలి. తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. పార్కు వాళ్ళ ఓపెన్ జీపులో ఎక్కితే ఆ చలి ఇంకా గట్టిగా తగులుతుంది. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని అమ్మానాన్నలు స్వెట్టర్లు లేకుండా వస్తారు, వాళ్ళ కోసం దుప్పట్లూ మంకీ క్యాపులూ కారులో పెట్టండి.

నవంబరు నుంచి మార్చి వరకు అడవి పచ్చగా ఉంటుంది, ఇంపాలా జింకలకు పిల్లలు పుడతాయి, వలస పక్షులు వస్తాయి. పక్షులంటే ఇష్టమున్నవాళ్ళకు అదే కాలం. కానీ పొదలు దట్టమై పది అడుగుల దూరంలో పడుకున్న సింహం కూడా కనబడదు, ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది, మలేరియా భయం ఎక్కువ, పెద్ద వాన పడితే నదుల మీది పొట్టి వంతెనలైన కాజ్‌వేలు మూసేస్తారు.

బుకింగు, డబ్బు, కాగితాలు

క్యాంపులు ఇక్కడి జాతీయ పార్కుల సంస్థ శాన్‌పార్క్స్ సైట్‌లోనే బుక్ చేసుకోవాలి, దాదాపు ఏడాది ముందు నుంచే దొరుకుతాయి. స్కూలు సెలవులకు లోయర్ సాబీలో నది వైపు గదులు మొదటే అయిపోతాయి. దొరకలేదని వదిలేయకండి. రద్దయిన గదులు మళ్ళీ సైట్‌లోకి వస్తుంటాయి, ప్రయాణానికి నెల ముందు నుంచి రోజూ ఒకసారి చూస్తే రెండు రాత్రులైనా చిక్కుతాయి. గది ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, వంటగది ఉందో లేదో చూడండి. "హట్" అన్నవాటిలో కొన్నింటికి బాత్రూమూ వంటిల్లూ ఉమ్మడిగా ఉంటాయి. "బంగళా" అన్నవాటికి సొంత బాత్రూము ఉంటుంది, చాలావాటికి వరండాలో స్టవ్వూ ఫ్రిజ్జూ ఉంటాయి. గిన్నెలు ఇస్తారో లేదో కూడా ఆ పేజీలోనే రాసి ఉంటుంది.

గది అద్దె కాక తలకింత, రోజుకింత కన్జర్వేషన్ ఫీజు ఉంటుంది. దక్షిణాఫ్రికా వాళ్ళకు ఒక రేటు, పొరుగు దేశాల వాళ్ళకు దానికి సుమారు రెట్టింపు, మిగతా విదేశీయులకు నాలుగు రెట్లు, ఆ పైన. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. విజిటర్ వీసా మీద వచ్చిన అత్తమామలకు అంతర్జాతీయ రేటే పడుతుంది. వర్క్ పర్మిట్ మీద ఉన్న మీకు ఏ రేటు వర్తిస్తుందో బుకింగ్ అప్పుడే ఈమెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టు, పర్మిట్ అసలు కాపీలే తీసుకెళ్ళండి. వైల్డ్ కార్డ్ అనే వార్షిక కార్డు తీసుకుంటే ఏడాదంతా ఈ రోజువారీ ఫీజు ఉండదు. ఒక్కరికి, జంటకు, కుటుంబానికి వేర్వేరుగా ఇస్తారు, కుటుంబ కార్డులో ఇద్దరు పెద్దలు, ఐదుగురు పిల్లల దాకా చేర్చుకోవచ్చు. మీ ఫీజును తలలతోనూ రోజులతోనూ గుణించి కార్డు ధరతో పోల్చుకోండి. ఏడాదిలో ఇంకో పార్కుకి వెళ్ళే ఆలోచన ఉంటే చాలాసార్లు కార్డే లాభం.

ఒక్క రోజుకి వెళ్ళొచ్చేవాళ్ళకు గేటు దగ్గర రోజుకింతమందేనన్న పరిమితి ఉంటుంది. సెలవుల్లో అయితే ముందే బుక్ చేసుకోకుండా వెళ్ళకండి.

దారి

జోబర్గ్ నుంచి ఎన్12, ప్రిటోరియా నుంచి ఎన్4. రెండూ విట్‌బ్యాంక్ దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి ఎన్4 మీద మిడెల్‌బర్గ్, నెల్‌స్ప్రూట్ దాటి మలెలానే దాకా. జోబర్గ్ నుంచి మొత్తం దాదాపు 400 కిలోమీటర్లు, ఐదు గంటలు వేసుకోండి. విట్‌బ్యాంక్‌ని ఇప్పుడు ఎమలాహ్లేనీ అనీ, నెల్‌స్ప్రూట్‌ని ఎంబొంబేలా అనీ బోర్డుల మీద రాస్తారు, చూసి కంగారు పడొద్దు. టోల్ గేట్లు మూడు నాలుగు తగులుతాయి, కార్డుతో పాటు కొంత నగదు కూడా ఉంచుకోండి. మిడెల్‌బర్గ్ దాటాక ఆల్జూ పెట్రోపోర్ట్ అనే పెట్రోలు బంకు దగ్గర వెనక కంచెలో ఖడ్గమృగాలూ అడవి దున్నలూ కనబడతాయి. పిల్లలు వాటిని పార్కులో చూసిన జంతువుల లెక్కలో వేసుకుంటామంటే ఒప్పుకోకండి.

జోబర్గ్‌లో పొద్దున ఐదుకు బయల్దేరండి. ఈ దారి రాత్రి పూట వద్దు. లారీలు ఎక్కువ, పల్లెల దగ్గర పశువులు రోడ్డు మీదికి వస్తాయి, లైట్లుండవు. జీపీఎస్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. దగ్గర దారని పార్కుకే ఉన్న నంబి అనే ఇంకో గేటు వైపు తిప్పుతుంది. ఆ దారిలో 2022 అక్టోబరులో ఒక జర్మన్ పర్యాటకుడు కాల్పుల్లో చనిపోయాడు. గమ్యం దగ్గర "క్రూగర్" అని కొట్టకుండా, క్రొకడైల్ బ్రిడ్జ్ గేటు అనో మలెలానే గేటు అనో కొట్టి, ఎన్4 వదలకుండా వెళ్ళండి.

ఇండియా లైసెన్సు ఇంగ్లీషులో, ఫొటోతో, సంతకంతో ఉంటుంది కాబట్టి విజిటర్లకు చెల్లుతుంది. అయినా పోలీసు ఆపితే మాటలు తగ్గాలంటే ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా జత చేసుకోవడం మంచిది. ఎదురైనవాళ్ళు ఎవరైనా సరే, గేటు దగ్గర గార్డైనా, బంకులో పెట్రోలు పోసే మనిషైనా, ముందు "హలో, ఎలా ఉన్నారు" అని పలకరించి, వాళ్ళ జవాబు విని, ఆ తర్వాతే పని సంగతి ఎత్తాలి. నేరుగా విషయంలోకి దిగడం ఇక్కడ మొరటుతనం కింద లెక్క. పార్కు చుట్టుపక్కల షిట్సోంగా మాట్లాడేవాళ్ళు ఎక్కువ. పొద్దున పూట "అవుషేని" అంటే ముఖాలు వెలుగుతాయి.

గేటు టైము ముందు, మిగతావన్నీ తర్వాత

క్యాంపు గేట్లు నెలను బట్టి తెరుస్తారు, మూస్తారు. మే నుంచి జూలై వరకు పొద్దున 6:00కి తెరిచి సాయంత్రం 5:30కి మూస్తారు. నవంబరు నుంచి జనవరి వరకు పొద్దున 4:30కే తెరుస్తారు, 6:30కి మూస్తారు. సాయంత్రం ఆ టైముకు మీరు క్యాంపు లోపల ఉండాలి, లేకపోతే జరిమానా. "ఐదు నిమిషాలే కదండీ, ఏనుగులు అడ్డొచ్చాయి" అన్న మాట ఆ గార్డు రోజూ వినేదే. ఏనుగులు నిజంగానే అడ్డొస్తాయి, అందుకే వెనక్కి వచ్చే దారికి మ్యాప్ చూపిన టైము కంటే 45 నిమిషాలు ఎక్కువ పెట్టుకోవాలి.

మొదటి రోజు క్రొకడైల్ బ్రిడ్జ్ గేటు నుంచి లోపలికి వెళ్ళండి. అక్కడి నుంచి లోయర్ సాబీ 34 కిలోమీటర్లు. తారు రోడ్డు హెచ్4-2 ఉంది, దానికి తూర్పున ఎస్28 అనే మట్టి రోడ్డు ఉంది. టైముంటే ఎస్28 మీద వెళ్ళండి, మైదానం కాబట్టి దూరం దాకా కనబడుతుంది. చలికాలంలో మధ్యాహ్నం మూడు దాటాక గేటు చేరితే తారు రోడ్డే. గదులు రెండు గంటలకు ఇస్తారు, కాబట్టి మరీ ముందుగా క్యాంపుకి చేరి కూర్చోనక్కర్లేదు.

లోయర్ సాబీలో రెండు రాత్రులు. క్యాంపు గేటుకు కిలోమీటరు లోపే సన్‌సెట్ డ్యామ్ ఉంది. నీటి గుర్రాలు, మొసళ్ళు, కొంగలు ఎప్పుడూ ఉంటాయి. గేటు మూసే ముందు గంటసేపు అక్కడే కూర్చోండి. టైము మించిపోతుందన్న భయం లేకుండా సాయంత్రం వెలుగు మొత్తం చూడగలిగే చోటు పార్కులో ఇంతకంటే మంచిది లేదు.

రెండో రోజు పొద్దున గేటు తెరిచేసరికి మీ కారు వరసలో ఉండాలి. కాఫీ ఫ్లాస్కులో, పిల్లలు నైట్ డ్రెస్సుల్లోనే, స్నానాలు తర్వాత. మనవాళ్ళు తలస్నానాలు, పూజలు, టిఫిన్లు అన్నీ ముగించి తొమ్మిదికి బయల్దేరతారు. అప్పటికి సింహాలు నీడకు చేరి ఉంటాయి. సాబీ నది వెంట స్కుకుజా అనే ఇంకో క్యాంపు వైపు వెళ్ళే హెచ్4-1 పట్టుకోండి. స్కుకుజా దాకా 43 కిలోమీటర్లు. అంతా అవసరం లేదు, మధ్యలో ఎన్‌కుహ్లు పిక్నిక్ స్పాట్ దాకా వెళ్ళి, అక్కడ టిఫిన్ చేసి, వెనక్కి రండి. చిరుతలకు పేరున్న రోడ్డిది, దానికి తగ్గట్టే రద్దీ. పది నుంచి మూడు దాకా క్యాంపులో వంట, నిద్ర. మూడున్నరకు మళ్ళీ బయటికి.

మూడో రోజు పొద్దున గది ఖాళీ చేసి స్కుకుజా మీదుగా హెచ్3 పట్టుకుని బెర్గ్-ఎన్-డాల్ చేరండి. ఇదొక్కటే పొడుగు రోజు, 110 కిలోమీటర్ల పైన. స్కుకుజా దగ్గర లేక్ పానిక్ అనే చోట నీటి మీదికి కట్టిన చెక్క గది ఉంది. కారు దిగి, లోపల బెంచీల మీద కూర్చుని పక్షుల్ని చూడొచ్చు. గుసగుసలు కూడా వద్దు, అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది గంటల తరబడి ఒక్క లకుముకి పిట్ట కోసం కూర్చునే రకం. హెచ్3 మీద అఫ్సాల్ పిక్నిక్ స్పాట్ దగ్గర భోజనం. నాలుగో రోజు పొద్దున బెర్గ్-ఎన్-డాల్ నుంచి మలెలానే గేటు 12 కిలోమీటర్లే, బయటపడితే ఎన్4.

తిండి, ప్లగ్గులు, కోతులు

క్యాంపు రెస్టారెంట్లలో శాకాహారులకు చిప్స్, టోస్ట్, పిజ్జా. రెండో రోజుకే మొహం మొత్తుతుంది. కాబట్టి రైస్ కుక్కర్ వెంట ఉండాలి. ఇక్కడి సాకెట్‌కు మూడు లావు గుండ్రటి పిన్నులు ఉంటాయి, ఇండియాలో గీజరుకీ ఏసీకీ వాడే పెద్ద ప్లగ్గు దీంట్లో సరిపోతుంది. కుక్కరుకూ మిక్సీకీ ఉండే చిన్న పిన్నుల ప్లగ్గు దూరదు, అడాప్టరు జోబర్గ్‌లోనే సూపర్ మార్కెట్లో కొనుక్కోండి. వోల్టేజి ఇండియాలో ఉన్నదే, 230. టెంటు వేసుకునేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. క్యాంప్ సైట్ స్తంభానికి ఉండేది నీలం రంగు కారవాన్ సాకెట్, దానికి వేరే కేబులు కావాలి. క్యాంపింగ్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది.

కారులో తినడానికి పులిహోరను మించింది లేదు. నలుగురికి అరకిలో బియ్యం, 60 గ్రాముల చింతపండు, ఆరు చెంచాల నూనె. ఇక్కడి సూపర్ మార్కెట్లలో ఎక్కువగా అమ్మేది ఉప్పుడు బియ్యం. నిత్యం తినడానికి మనకి అంతగా నచ్చకపోయినా పులిహోరకు అదే బాగుంటుంది, మెతుకు విరగదు. అన్నం పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాకే పులుసు కలపండి, వేడి మీద మూత పెడితే ఎండాకాలంలో సాయంత్రానికే జిగురు వస్తుంది. పెరుగన్నం పొద్దున కలిపేటప్పుడు పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క చెంచా వేస్తే మధ్యాహ్నానికి పుల్లబడకుండా తోడుకుంటుంది. ఇక్కడ అమాసి అనే పులిసిన పాలు ప్రతి షాపులోనూ దొరుకుతాయి, నీళ్ళు పోసి చిలికితే మజ్జిగ, పల్చగా చేసి పోపు పెడితే మజ్జిగ పులుసు. కూలర్ బాక్సులో ఐసు ముక్కలు పోయకండి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు గడ్డకట్టించి పెట్టండి. రెండు రోజులు చల్లగా ఉంటుంది, కరిగాక తాగొచ్చు.

అఫ్సాల్, ఎన్‌కుహ్లు లాంటి పిక్నిక్ స్పాట్లలో స్కాటెల్ అని గ్యాస్ మీద పెట్టిన పెద్ద ఇనప పళ్ళెం అద్దెకిస్తారు. నడుమ గుంటగా ఉంటుంది, దాని మీద దోసె వేద్దామని పిండి తీసుకెళ్ళకండి. పిండంతా నడుమకు జారి ఊతప్పమవుతుంది. ఉప్మా, గుడ్డు పొరుటు, ఉల్లిపాయలు వేయించిన బంగాళదుంపలు బ్రహ్మాండంగా వస్తాయి. సాయంత్రం బంగళా ముందు బ్రాయ్ (ఇక్కడివాళ్ళు మాంసం కాల్చుకునే పొయ్యి) నిప్పులు ఉంటాయి కదా, మాంసం వద్దనుకునేవాళ్ళు ఆ నిప్పుల మీదే వంకాయలు కాల్చి పచ్చడి చేసుకోవచ్చు. మొక్కజొన్న పొత్తులు సరేసరి. ఇనప జల్లెడ మీద నిన్నటి వాళ్ళ మాంసం వాసన పడనివాళ్ళు అల్యూమినియం ఫాయిల్ తీసుకెళ్ళండి.

పక్క బంగళాలో నాయుడు అనే ఇంటిపేరు గల కుటుంబం ఉంటే ఆశ్చర్యపోకండి, అలాగని తెలుగులో మొదలెట్టకండి. 1860 నవంబరులో ట్రురో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి కూలీలుగా వచ్చినవాళ్ళ వంశాలవి. ఇంట్లో తెలుగు మిగిలింది తక్కువ మందికే. డర్బన్ మసాలాతో వండిన మటన్ కూర మాత్రం రుచి చూపిస్తే వద్దనకండి.

కోతుల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. వరండా ఫ్రిజ్జుకీ అలమరకీ గొళ్ళెం ఉంటుంది, ప్రతిసారీ వేయాలి. పిక్నిక్ స్పాట్లో ఒకరు వండుతుంటే ఒకరు బల్ల దగ్గర కాపలా ఉండాలి. రోడ్డు మీద బబూన్లు కనబడితే అద్దాలు ఎక్కించేయండి, కారులోకి చెయ్యి పెట్టి సంచీ లాక్కుపోతాయి, వాటి కోరలు చిరుత కోరల్లా ఉంటాయి. జంతువులకు తిండి పెడితే జరిమానా. ఎందుకంటే మనిషి చేతి తిండికి అలవాటుపడి మీదపడే బబూన్‌నీ, కంచె దగ్గరికి వచ్చే హైనానీ చివరికి పార్కు వాళ్ళే కాల్చాల్సి వస్తుంది.

చూడటం ఎలా

సింహం కోసం వెతకకండి. ఇంపాలాలను చూడండి. గుంపంతా మేత ఆపి ఒకే వైపు చెవులు నిక్కబొడుచుకుని చూస్తుంటే, మధ్య మధ్య తుమ్మినట్టు చప్పుడు చేస్తుంటే, అటువైపు ఏదో ఉన్నట్టే. ఇంజిన్ ఆపి పదిహేను నిమిషాలు ఆగండి. చెట్టు మీద కోతి ఆగకుండా అరుస్తున్నా అంతే. చిరుత కోసం నది ఒడ్డు పెద్ద చెట్లలో అడ్డంగా పెరిగిన కొమ్మల్ని చూడాలి. ఒళ్ళు ఆకుల్లో కలిసిపోతుంది, కిందికి వేలాడే తోకే పట్టిస్తుంది. గద్దలు ఆకాశంలో తిరుగుతుంటే వెంటపడక్కర్లేదు, రాబందులు చెట్ల మీద వాలి కిందికి చూస్తుంటే మాత్రం ఆ చుట్టుపక్కల వేట జరిగి ఉంటుంది.

కారులో పని పంచుకోండి. ఎడమ వాళ్ళు ఎడమ వైపే, కుడి వాళ్ళు కుడి వైపే చూడాలి, నడిపేవాళ్ళు రోడ్డు మీది పేడనీ అడుగుల్నీ చూస్తే చాలు. గడ్డి పైన కాదు, గడ్డి లోపలికి చూడాలి. బైనాక్యులర్ 8×42 చాలు, 10 రెట్లదైతే కారులో చేతులు వణికి బొమ్మ నిలవదు. మనిషికొకటి ఉంటే గొడవలుండవు. కెమెరాకు స్టాండు పనికిరాదు. దిండు గలీబులో రెండు కిలోల బియ్యం పోసి కుట్టి, దించిన అద్దం అంచు మీద వేసి దాని మీద లెన్సు ఆనించండి. ఇంజిన్ ఆపకపోతే అదురుకు ఫొటోలన్నీ మసకే. ఎదురొచ్చే కారును ఆపి "ఏమైనా కనబడ్డాయా" అని అడగడం ఇక్కడ మర్యాదే, అలాగే మీరు చూసింది కూడా చెప్పండి. క్యాంపుల్లో ఎక్కడేం కనబడిందో రంగు బిళ్ళలతో చూపే మ్యాప్ ఉంటుంది. దాని మీద ఖడ్గమృగాలు ఉండవు, కావాలనే పెట్టరు, వేటగాళ్ళ భయం. మీరూ ఖడ్గమృగం ఫొటో పెట్టేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ తీసేయండి, రోడ్డు నంబరు రాయకండి.

సింహం దగ్గర పది కార్లు ఆగి ఉంటే వెనక వరసలోనే నిలబడి ఆగండి. ముందువాళ్ళు కదిలినప్పుడు చోటొస్తుంది. సన్‌రూఫ్‌లోంచి లేవడం, కిటికీ మీద కూర్చోవడం, తలుపు తీయడం నిషేధం. కారుని ఒక్క ముద్దగా చూసినంతసేపే సింహం పట్టించుకోదు. తల బయటికి వస్తే ఆ ముద్ద మనిషిగా మారుతుంది.

ఏనుగు దగ్గర

క్రూగర్‌లో కార్లకు అసలు ప్రమాదం సింహంతో కాదు, ఏనుగుతో. కనీసం 50 మీటర్లు వదలండి. రోడ్డు దాటుతున్న మందకు మధ్యలో దూరకండి, తల్లీ పిల్లా మధ్య అసలే వద్దు. ఆగే ముందే వెనక్కి పోవడానికి దారుందో లేదో చూసుకోండి, మీ వెనక ఇంకో కారు అంటుకుని ఆగితే వాళ్ళకు సైగ చేసి వెనక్కి పంపండి. చెవులు మెల్లగా విసురుకుంటుంటే ఒంటి వేడికి, భయం లేదు. చెవులు రెండూ విప్పి నిలిపి, తల ఎత్తి మిమ్మల్నే చూస్తూ తల విదిలిస్తే అది హెచ్చరిక, మెల్లగా వెనక్కి వెళ్ళండి. హారన్ కొట్టొద్దు, ఇంజిన్ రెయిజ్ చేయొద్దు. చెవులు వెనక్కి అణిచి, తొండం లోపలికి చుట్టి వస్తే అది ఉత్త బెదిరింపు కాదు, చోటు ఖాళీ చేయాల్సిందే.

ఒంటరి మగ ఏనుగు కణతల దగ్గర తడి చారలు, వెనక కాళ్ళ మధ్య మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతూ కనబడితే అది మదంలో ఉంది. మన పురాణాల్లో మదపుటేనుగు అని చదివింది ఇదే. 100 మీటర్లయినా వదిలేసి, అది రోడ్డు వెంటే వస్తుంటే మలుపు దాకా రివర్సులో వెళ్ళక తప్పదు. అందుకే కొత్తగా డ్రైవింగు నేర్చుకున్నవాళ్ళు ముందు రివర్సు బాగా సాధన చేసుకుని రావాలి.

కారు మొరాయిస్తే

హ్యాచ్‌బ్యాక్ అయినా పర్వాలేదు, ఎత్తు కారైతే గడ్డి మీదుగా కనబడుతుంది, అంతే తేడా. స్టెప్నీలో గాలి బయల్దేరే ముందే చూసుకోండి. పెద్ద క్యాంపుల్లో పెట్రోలు దొరుకుతుంది, సగం ట్యాంకు ఎప్పుడూ ఉంచండి. టైరు పంక్చరైతే దిగకండి. మెల్లగా నడిపి చుట్టూ పొదలు లేని తెరిపి చోటుకు చేరండి, రిమ్ము పాడైతే డబ్బుతో పోతుంది. ఇంకో కారు వచ్చేదాకా ఆగి, దాన్ని మీ పక్కన అడ్డంగా నిలబెట్టి, అందులోవాళ్ళు కాపలా చూస్తుంటే మార్చుకోండి. లేదంటే ఎంట్రీ పర్మిట్ మీద ఉన్న ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి. క్యాంపుల చుట్టుపక్కలే సిగ్నల్ బాగుంటుంది, మ్యాప్ ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, క్యాంపు షాపులో కాగితం మ్యాప్ కూడా కొనండి.

టాయిలెట్లు క్యాంపుల్లోనూ పిక్నిక్ స్పాట్లలోనూ తప్ప ఎక్కడా ఉండవు. షుగరున్న పెద్దవాళ్ళు ఉంటే రెండు గంటలకొక ఆగుచోటు వచ్చేలా దారి వేసుకోవాలి. ఆరేళ్ళ లోపు పిల్లల్ని పార్కు వాళ్ళ జీపు డ్రైవుల్లో ఎక్కించుకోరు, కాలినడక యాత్రలకైతే 12 ఏళ్ళు నిండాలి.

తిరుగు దారి, ఆ తర్వాతి నెల

బయటికి వచ్చే గేటు దగ్గర డిక్కీ తెరిపించి చూస్తారు. పార్కులోని అడవి దున్నల్లో గాలికుంటు వ్యాధి క్రిమి ఉంటుంది కాబట్టి పచ్చి మాంసం బయటికి తేకూడదు. మిగిలిన మటన్ చివరి రాత్రే వండేయండి.

మలేరియా మాట చివర చెబుతున్నా, పని మాత్రం ప్రయాణానికి వారం ముందే మొదలవుతుంది. "మనం ఇండియాలో దోమల మధ్య పెరిగినవాళ్ళం, మనకేం కాదు" అనేది ఒట్టి భ్రమ. ఊళ్ళో వచ్చిన చలిజ్వరం చాలాసార్లు వైవాక్స్ రకం. ఇక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం, రోజుల్లో మెదడుకీ కిడ్నీలకీ చేరుతుంది. సెప్టెంబరు నుంచి మే దాకా వెళ్తే మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రకం వెళ్ళే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక ఏడు రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. ఇది చవక, కానీ ఎండ పడితే చర్మం మండుతుంది, చిన్నపిల్లలకూ గర్భిణులకూ ఇవ్వరు. చాలామంది ఇంటికి రాగానే మాత్రలు ఆపేస్తారు, అసలు తప్పు అక్కడే జరుగుతుంది. సాయంత్రం పొడుగు చేతుల చొక్కా, సాక్సులు, దోమల్ని తరిమే డీట్ మందు ఉన్న క్రీము. చలికాలంలో మాత్రలు వద్దని డాక్టరు చెప్పినా ఇవి మానకూడదు.

గడ్డిలో నడిస్తే పిడుదులు అంటుకుంటాయి. రాత్రి స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక చూసుకోండి. కుట్టిన చోట నల్లటి పొక్కు లేచి, తలనొప్పి, జ్వరం వస్తే అది టిక్ బైట్ ఫీవర్, డాక్టరుకు పొక్కు చూపించండి.

ఇంటికి వచ్చిన తేదీ ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుని, ఏడో రోజు నుంచి కనీసం నెల దాకా గుర్తుండేలా పెట్టుకోండి. ఆ మధ్యలో జ్వరం, ఒళ్ళునొప్పులు ఏం వచ్చినా, మాత్రలు వేసుకున్నా సరే, ఆ రోజే మలేరియా రక్త పరీక్ష చేయించాలి. ఒకసారి లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించాలి. అమ్మానాన్నలు ఈలోపు హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్ళిపోతే, అక్కడి డాక్టరుకు మొదటి మాటగా "ఆఫ్రికా అడవికి వెళ్ళొచ్చాం" అని చెప్పమని టికెట్ కవరు మీదే రాసి ఇవ్వండి.